కాలేజీలో టీమ్ క్విజ్ పెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాది సంక్రాంతి సెలవులు అయిపోగానే ఫోన్లు మొదలవుతాయి, సార్ మా కాలేజీలో క్విజ్ పెడుతున్నాం, ఎలా చేయాలో కాస్త చెప్పండి అని. మా పాత స్టూడెంట్స్, పక్క ఊరి డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, ఇంజనీరింగ్ పిల్లలు, అందరివీ దాదాపు అవే డౌట్లు. అందుకే ఇన్నేళ్ళుగా చెప్తూ వచ్చినవన్నీ ఒకచోట రాసి పెట్టాను, మీకు ఏది కావాలో అది చూసుకోండి. టైమ్ తక్కువైనా డబ్బులు తక్కువైనా మిగతావన్నీ తగ్గించుకోండి గానీ ప్రశ్నలు తయారు చేసే టైమ్ మాత్రం తగ్గించుకోవద్దు. ఎవరు అడిగినా నేను మొదట చెప్పే మాట ఇదే.

## మొదలుపెట్టే ముందు

ఫస్ట్ టైమ్ పెడుతున్నాం, ఎన్ని రోజుల ముందు నుంచి పని మొదలెట్టాలి?

ఆరు వారాలు ఉంటే నిదానంగా చేసుకోవచ్చు, నాలుగు వారాలైతే పరుగులే. మొదటి వారంలో ప్రిన్సిపాల్ గారి పర్మిషన్, హాల్, డేట్ తేల్చేసుకోండి, ఆ వెంటనే మిగతా కాలేజీలకి సర్క్యులర్ పంపేయండి, ఎందుకంటే వాళ్ళ దగ్గర కూడా ఆ కాగితం ఆఫీసు నుంచి డిపార్ట్‌మెంట్‌కి, అక్కడి నుంచి నోటీస్ బోర్డుకి వెళ్ళేసరికి వారం పడుతుంది. ఈ పనులన్నీ ఒక బ్యాచ్ చూసుకుంటుంటే ఇంకో ముగ్గురు నలుగురు మొదటి రోజు నుంచే ప్రశ్నల మీద కూర్చోవాలి. ఫ్లెక్సీ డిజైన్ మూడు వారాలు చేసి ప్రశ్నలు మూడు రాత్రుల్లో రాసిన క్విజ్‌లు చాలా చూశాను, హాల్లో మొదటి పది నిమిషాల్లోనే ఆ తేడా తెలిసిపోతుంది.

ఏ రోజు పెడితే మంచిది?

ఏదో ఒక దినోత్సవానికి కలిపి పెడితే పర్మిషన్ ఈజీగా వస్తుంది. సైన్స్ వాళ్ళకి సైన్స్ డే ఫిబ్రవరి 28, మ్యాథ్స్ వాళ్ళకి రామానుజన్ పుట్టినరోజు డిసెంబర్ 22, స్టాటిస్టిక్స్ వాళ్ళకి మహలనోబిస్ పుట్టినరోజు జూన్ 29, తెలుగు డిపార్ట్‌మెంట్ పెడితే గిడుగు రామమూర్తి గారి జయంతి ఆగస్టు 29. ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్ ఏ వారంలో ఉన్నాయో మీ కాలేజీకే కాదు, చుట్టుపక్కల కాలేజీలకి కూడా కనుక్కోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, మూడున్నరకల్లా అయిపోయేలా ప్లాన్ చేయండి. పల్లెల నుంచి వచ్చే అమ్మాయిలు సాయంత్రం బస్సు దాటిపోతుందని ఫైనల్ మధ్యలో వాచీ చూసుకుంటూ కూర్చోవడం చూశాను, అలా కూర్చున్న వాళ్ళకి తెలిసిన ఆన్సర్ కూడా గుర్తురాదు.

బడ్జెట్ ఎంత అవుతుంది? మా దగ్గర పెద్దగా డబ్బుల్లేవు.

హాల్, ప్రొజెక్టర్, మైక్ కాలేజీవే అయితే నిజంగా ఖర్చయ్యేవి నాలుగే, ఆన్సర్ షీట్ల జిరాక్స్, భోజనాలు, బహుమతులు, సర్టిఫికెట్లు. క్విజ్ మాస్టర్ బయటి నుంచి వస్తే రానుపోను ఛార్జీలు కూడా. భోజనం పులిహోర, పెరుగన్నం పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు గానీ తాగునీళ్ళు మాత్రం హాల్లోనే పెట్టండి. పెద్ద షీల్డుల బదులు పుస్తకాలో, చిన్న క్యాష్ ప్రైజో ఇస్తే పిల్లలకి పనికొస్తాయి.

క్విజ్ మాస్టర్‌ని బయటి నుంచే పిలవాలా?

అక్కర్లేదు. మీ లెక్చరర్ అయినా, పాత స్టూడెంట్ అయినా చేయొచ్చు, కాకపోతే ప్రశ్నలు రాసిన వాళ్ళలో ఒకరై ఉండాలి. వేరేవాళ్ళు రాసింది చదివే మనిషికి, టీమ్ చెప్పిన ఆన్సర్ కాస్త అటూ ఇటూగా ఉంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది అక్కడికక్కడ తేల్చడం కష్టం. మీ కాలేజీ టీమ్ కూడా ఆడుతుంటే మాత్రం మీ లెక్చరర్ క్విజ్ మాస్టర్‌గా ఉండకూడదు, ఎంత నిజాయితీగా చేసినా బయటివాళ్ళకి అనుమానం పోదు.

మేమెవ్వరం పెద్ద క్విజ్‌లు చూడలేదు, ఎక్కడ చూసి నేర్చుకోవాలి?

హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్లబ్ 1972 నుంచి ఉంది, వీలైతే ఒకసారి వాళ్ళ క్విజ్‌కి వెళ్ళి వెనక కూర్చుని చూడండి. మన దేశంలో ఓపెన్ క్విజ్‌లు 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ పెట్టిన దాంతో మొదలయ్యాయి, బెంగళూరులో కర్ణాటక క్విజ్ అసోసియేషన్ 1983లో వచ్చింది. ఇలాంటి చోట్ల ప్రశ్న ఎంతసేపు చదువుతారు, ఆన్సర్ చెప్పాక వివరణ ఎలా ఇస్తారు అన్నది గమనించండి. ఫార్మాట్ కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

## టీమ్‌లు, రిజిస్ట్రేషన్

టీమ్‌కి ఇద్దరా, ముగ్గురా, నలుగురా?

నా ఓటు ముగ్గురికే. ఇద్దరైతే ఒకడికి తెలిసి ఇంకొకడు పక్కన ఊరికే కూర్చునే టీమ్‌లు ఎక్కువైపోతాయి. నలుగురైతే బెంచీ మీద పట్టరు, గుసగుసలు పక్క టీమ్‌కి వినపడతాయి. ముగ్గురిలో ఒకరు కచ్చితంగా ఫస్ట్ ఇయర్ అయి ఉండాలని రూల్ పెట్టి చూడండి, వచ్చే ఏడాదికి టీమ్ దానంతట అదే తయారవుతుంది.

రెండు వేర్వేరు కాలేజీల వాళ్ళు కలిసి ఒక టీమ్‌గా రావచ్చా?

మీ ఇష్టం, కానీ సర్క్యులర్‌లోనే రాసేయండి. ఇంటర్ కాలేజియేట్ ట్రోఫీ ఉంటే ఒప్పుకోకపోవడమే మంచిది, ట్రోఫీ ఏ కాలేజీకి పోవాలో తేలదు. ఒక కాలేజీ నుంచి ఎన్ని టీమ్‌లైనా ప్రిలిమ్స్ రాయొచ్చు, ఫైనల్‌కి మాత్రం ఒక కాలేజీ నుంచి రెండుకి మించకూడదు అని పెడితే చిన్న కాలేజీలకి కూడా చోటు దొరుకుతుంది.

ఎంట్రీ ఫీజు పెట్టాలా?

పెట్టకపోతేనే మంచిది. ఫ్రీ అంటే పేరిచ్చి రానివాళ్ళు ఉంటారన్నది నిజమే, దానికి గూగుల్ ఫామ్‌తో పాటు ముందురోజు వాట్సాప్‌లో వస్తున్నారా అని ఒక మెసేజ్ పెట్టి కన్ఫర్మ్ చేసుకుంటే చాలు. స్పాట్ రిజిస్ట్రేషన్‌కి కూడా ఐదారు టీమ్‌ల చోటు ఉంచండి, అప్పటికప్పుడు ఫ్రెండ్స్‌ని పోగేసుకుని వచ్చేవాళ్ళలో మంచి టీమ్‌లు ఉంటాయి.

పిల్లలకి ఓడీ (ఆన్ డ్యూటీ), అటెండెన్స్ సంగతి ఏంటి?

సర్క్యులర్‌లో టైమింగ్స్ స్పష్టంగా రాసి, వచ్చిన ప్రతి టీమ్‌కి ఆరోజే సంతకం, స్టాంపు ఉన్న పార్టిసిపేషన్ లెటర్ చేతికి ఇచ్చేయండి. తర్వాత మెయిల్ చేస్తాం అంటే ఆ పిల్లలు వాళ్ళ డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

## ప్రశ్నలు రాయడం

మొత్తం ఎన్ని ప్రశ్నలు కావాలి?

ప్రిలిమ్స్‌కి 25. ఆరు టీమ్‌ల ఫైనల్‌కి బౌన్స్ రౌండ్లు (ఒక టీమ్‌కి తెలీకపోతే ప్రశ్న పక్క టీమ్‌కి తిరిగేవి) రెండు, ఒక్కోటి 18 చొప్పున 36, ఒక రాత రౌండ్‌కి 6, బజర్‌కి 10, అంటే 52. టై అయితే వాడటానికి 10, ఆడియన్స్‌కి 8. అన్నీ కలిపితే 95. మీరు 120 దాకా రాసి అందులో బాగాలేనివి తీసేయండి. రాసిన ప్రతిదీ వాడేయాలని చూస్తే సెట్ పాడవుతుంది.

బిట్ బ్యాంక్ పుస్తకాల నుంచి ప్రశ్నలు తీసుకుంటే తప్పేంటి?

గ్రూప్స్‌కి చదివే పిల్లలకి అవన్నీ నోటికి వచ్చు, మిగతావాళ్ళకి ఒక్కటీ రాదు. తెలిస్తే తెలిసినట్టు లేకపోతే లేదు, మధ్యలో ఆలోచించడానికి ఏమీ ఉండదు. క్విజ్‌లో అసలు ఆనందం ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని, ఒకడు ఒక ముక్క ఇంకొకడు ఇంకో ముక్క కలిపి ఆన్సర్‌కి చేరుకోవడంలో ఉంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ‘హీలియం పరమాణు సంఖ్య ఎంత?’ ఇది బిట్. అదే మూలకాన్ని ఇలా అడగండి. ‘1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు దాకా వచ్చాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో కనిపించిన ఒక పసుపు గీత అప్పటికి భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. గ్రీకులో సూర్యుడికున్న పేరునే ఆ కొత్త మూలకానికి పెట్టారు. ఏంటది?’ జాన్సెన్ పేరు ఎప్పుడూ విననివాడు కూడా సూర్యుడు, గ్రీకు పేరు అన్న రెండు ముక్కలు పట్టుకుని హీలియం దగ్గరికి రాగలడు. రాలేకపోయినా ఆన్సర్ విన్నాక అయ్యో మన గుంటూరేనా అంటాడు. ఆన్సర్ చెప్పగానే హాల్లో ఆ అయ్యో వినపడాలి, ప్రశ్న బాగుందనడానికి నేను చూసే గుర్తు అదొక్కటే.

చాట్‌జీపీటీతో ప్రశ్నలు తయారు చేయించుకోవచ్చా?

టాపిక్‌లు వెతుక్కోవడానికి వాడుకోండి, తప్పు లేదు. కానీ అది ఇచ్చే ప్రశ్నలు ఎక్కువగా బిట్లలాగే ఉంటాయి, పైగా లేని సంగతిని కూడా ఉన్నట్టు ధైర్యంగా రాసేస్తుంది, ముఖ్యంగా మన జిల్లాల చరిత్ర, తెలుగువాళ్ళ గురించి అడిగినప్పుడు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, మీరు అడిగిందే పక్క కాలేజీ వాళ్ళు కూడా అడుగుతారు, అవే ప్రశ్నలు అక్కడా వస్తాయి. మీ సబ్జెక్టులో మీకు నచ్చిన విషయం నుంచి మీరే ప్రశ్న రాయండి.

ఆన్సర్ కరెక్టేనని ఎలా కన్ఫర్మ్ చేసుకోవాలి?

ఒకదాన్ని చూసి ఇంకొకటి కాపీ కొట్టని రెండు చోట్ల దొరకాలి. ఆ తర్వాత ప్రశ్న రాయని మనిషికి ఇచ్చి, దీనికి ఇంకో ఆన్సర్ ఉందేమో వెతకమనండి. చాలామంది వదిలేసేది ఈ రెండో పనే.

ఒకసారి మా ప్రిలిమ్స్‌లో ‘భాషా ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం ఏది’ అని అడిగాం, 1953 అక్టోబర్ 1 ఆంధ్ర రాష్ట్రం అని మా ఆన్సర్. ఒక అమ్మాయి లేచి, సార్ 1936లో ఒరిస్సా భాషని బట్టే వచ్చింది కదా అంది. ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. ‘స్వాతంత్ర్యం వచ్చాక’ అన్న రెండు మాటలు మేం రాయలేదు, అంతే. రెండు ఆన్సర్లకీ మార్కులు ఇచ్చాం.

మారిపోయే అంకెలతో కూడా జాగ్రత్త. శనిగ్రహానికి 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలు లెక్కలోకి వచ్చి మొత్తం 274 అయ్యాయి, పాత పుస్తకం చూసి రాసినవాడి ఆన్సర్ ఒక్కరోజులో తప్పైపోయింది. తెలంగాణ జిల్లాలు 2014లో 10, 2016లో 31, 2019లో 33. ఇలాంటివి అడగకపోతేనే నయం, అడిగితే ఏ తేదీ నాటికి అన్నది ప్రశ్నలోనే పెట్టండి.

నాలుగు ఫొటోలు చూపించి కనెక్షన్ అడిగే ప్రశ్నలు ఎలా చేయాలి?

చూసేవాళ్ళకి భలే సరదా, రాసేవాళ్ళకి కష్టం. బంగినపల్లి మామిడి, కొండపల్లి బొమ్మ, పోచంపల్లి చీర, తిరుపతి లడ్డూ పెట్టి వీటిలో కామన్ ఏంటి అని అడిగారనుకోండి. మీ మనసులో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు) ఉంది, ఒక టీమ్ ‘అన్నిటికీ ఊరి పేర్లున్నాయి’ అంటుంది, అదీ నిజమే కదా. ఇలాంటి చోట చివర్లో ‘ప్రభుత్వం నుంచి వీటన్నిటికీ దక్కింది ఏంటి’ అని ఒక్క మాట చేరిస్తే గొడవ ఉండదు.

తెలుగులో అడగాలా, ఇంగ్లీషులోనా?

రెండింటిలోనూ. స్లైడ్ మీద ఇంగ్లీషు ఉంచి క్విజ్ మాస్టర్ తెలుగులో చదివి చెప్పడం మా దగ్గర బాగా నడిచింది. ఆన్సర్ ఏ భాషలో చెప్పినా, రాసినా ఒప్పుకుంటాం అని మొదట్లోనే ప్రకటించండి. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ అంటే వెంటనే వెలుగుతుంది, ఫోటోసింథసిస్ అంటే ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణంలో బజర్ పక్క టీమ్ కొట్టేస్తుంది. తెలివి తక్కువై ఓడిపోవడం వేరు, భాష వల్ల ఓడిపోవడం వేరు.

ఏ సబ్జెక్టు నుంచి ఎన్ని పెట్టాలి?

ఒక కాగితం మీద సైన్స్, చరిత్ర, సాహిత్యం, ఎకనామిక్స్, ఆటలు, కళలు, కరెంట్ అఫైర్స్ అని గడులు గీసి ప్రతి ప్రశ్నకి ఒక గీత పెట్టండి, ఏది ఎక్కువైందో కనపడిపోతుంది. ప్రశ్నలు రాసేవాళ్ళందరూ బీటెక్ వాళ్ళే అయితే సెట్ మొత్తం టెక్నాలజీ, క్రికెట్ అయిపోతుంది, కామర్స్, ఆర్ట్స్ పిల్లలు ఊరికే చూస్తూ కూర్చుంటారు.

## ప్రిలిమ్స్

నలభై టీమ్‌లు వస్తే ప్రిలిమ్స్ ఎలా పెట్టాలి?

రాత పరీక్షే. స్క్రీన్ మీద ప్రశ్న, రెండుసార్లు చదవడం, టీమ్‌కి ఒక షీట్, ప్రశ్నకి నిమిషం లోపే. 25 ప్రశ్నలు 25 నిమిషాల్లో అయిపోతాయి, చివర్లో అన్నీ ఒకసారి మళ్ళీ తిప్పి చూపించండి. ఆ తర్వాత షీట్లు తీసుకుని వాలంటీర్లు దిద్దుతుంటే ఇక్కడ ఆన్సర్లు వివరిస్తూ పోండి, పిల్లలకి బోర్ కొట్టదు, ఎన్ని వచ్చాయో వాళ్ళకే తెలిసిపోతుంది. దిద్దేవాళ్ళు ఇద్దరిద్దరుగా ఉండాలి, ఒకరు దిద్దింది ఇంకొకరు కూడాలి.

ఆరో స్థానానికి నాలుగు టీమ్‌లకి ఒకే స్కోరు వస్తే?

25లో ఐదు ప్రశ్నలకి ముందే స్టార్ గుర్తు పెట్టండి. టై అయితే ఆ ఐదులో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళు. అప్పటికీ తేలకపోతే 1వ ప్రశ్న నుంచి వరసగా చూస్తూ పోండి, ఎవరు ముందు తప్పు రాస్తే వాళ్ళు ఆగిపోతారు. ఈ రూల్ ప్రిలిమ్స్ మొదలవ్వక ముందే చదివి వినిపించాలి, ఆ తర్వాత చెప్తే ఎవరికో కావాలని చేశారంటారు.

ఫోన్లు చూసి రాస్తే ఎలా ఆపాలి?

ఫోన్లన్నీ ఆఫ్ చేయించి, బెంచీ మీదే బోర్లించి పెట్టించండి. సంచిలో ఉంటే ఎప్పుడు తీస్తారో తెలీదు, ఎదురుగా ఉంటే వాలంటీర్‌కి కనపడుతుంది. స్మార్ట్ వాచీలు కూడా.

## ఫైనల్స్

ఇన్ఫినిట్ బౌన్స్ అంటే ఏంటి? పాత పాసింగ్ సిస్టమ్ ఎందుకు వద్దంటారు?

పాత పద్ధతిలో ప్రతి టీమ్‌కి ఒక డైరెక్ట్ ప్రశ్న, తెలీకపోతే పక్క టీమ్‌కి బోనస్. దీంట్లో వీక్ టీమ్ పక్కన కూర్చున్న వాళ్ళకి ఊరికే బోనస్‌లు వచ్చి పడతాయి, వాళ్ళ గొప్పేమీ ఉండదు అందులో.

ఇన్ఫినిట్ బౌన్స్‌లో మొదటి ప్రశ్న 1వ టీమ్‌కి వెళ్తుంది, తెలీకపోతే 2, 3 అలా తిరుగుతుంది. 4వ టీమ్ చెప్పిందనుకోండి, రెండో ప్రశ్న 5వ టీమ్ దగ్గర మొదలవుతుంది. ఎవ్వరూ చెప్పకపోతే ఆ ప్రశ్న ఎవరి దగ్గర మొదలైందో వాళ్ళ పక్క టీమ్ నుంచి తర్వాతి ప్రశ్న. డైరెక్ట్ అయినా తిరిగొచ్చినా పది మార్కులే. ఇందులో కూడా పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి కాస్త తేడా ఉంటుంది, అందుకే ఒక రౌండ్ ఎడమ నుంచి కుడికి, ఇంకో రౌండ్ కుడి నుంచి ఎడమకి తిప్పండి. సీట్లు చీటీలు తీసి ఇవ్వండి.

పౌన్స్ పెట్టాలా? మా పిల్లలకి అలవాటు లేదు.

ప్రశ్న తిరగడం మొదలవ్వక ముందే, నాకు తెలుసు అనుకున్న టీమ్ చీటీ మీద రాసి వాలంటీర్‌కి ఇచ్చేయడమే పౌన్స్. కరెక్ట్ అయితే పది, తప్పైతే మైనస్ ఐదు, వాళ్ళకి ఆ ప్రశ్న మళ్ళీ రాదు. తెలిసిన ఆన్సర్ చెప్పే వంతు రాలేదన్న బాధ దీనివల్ల పోతుంది. అలవాటు లేని చోట రెండో రౌండ్‌లో మాత్రమే పెట్టండి, ఒక డమ్మీ ప్రశ్నతో చేసి చూపించాక.

బజర్లు లేవు, కొనాలా?

అక్కర్లేదు. ఫోన్ యాప్‌లు ఉన్నాయి గానీ నెట్ సిగ్నల్‌ని బట్టి ముందువెనకలైపోతాయి, వాటి మీద ఫైనల్ ఫలితం తేల్చొద్దు. మీ ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంట్ పిల్లలకి చెప్తే వైర్లతో ఒకటి చేసిస్తారు, వాళ్ళకదో ప్రాజెక్ట్. అదీ కుదరకపోతే టీమ్‌కో పలక, సుద్దముక్క ఇవ్వండి. ప్రశ్న చదివి ఇరవై సెకన్లకి ‘ఎత్తండి’ అంటే ఆరు పలకలు ఒకేసారి లేస్తాయి. నాకైతే బజర్ కంటే ఇదే ఇష్టం, వేళ్ళ వేగం కాకుండా తెలిసింది మాత్రమే లెక్కలోకి వస్తుంది, వెనక బెంచీల వాళ్ళకి కూడా ఎవరేం రాశారో కనపడుతుంది.

బజర్ రౌండ్‌కి ప్రశ్నలు వేరేగా రాయాలా?

అవును. కష్టమైన క్లూ ముందు, తేలికైంది చివర. ఉదాహరణకి ఇలా. ‘హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు... కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ మీద పనిచేశారు... తర్వాత లెడర్లీ ల్యాబ్స్‌లో ఫోలిక్ ఆమ్లం తయారీకి నాయకత్వం వహించారు... బోదకాలుకి వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆయన టీమ్ నుంచి వచ్చిందే... 1895లో భీమవరంలో పుట్టిన ఈ శాస్త్రవేత్త ఎవరు?’ బయోకెమిస్ట్రీ బాగా చదివినవాడు మొదటి లైన్లోనే కొడతాడు, మిగతావాళ్ళు భీమవరం దాకా ఆగుతారు, యల్లాప్రగడ సుబ్బారావు అన్న ఆన్సర్ మాత్రం అందరికీ అందుతుంది. భీమవరం ముందే చెప్పేస్తే లోతుగా చదివినవాడికి ఏ లాభమూ ఉండదు.

పీపీటీలో తెలుగు అక్షరాలు డబ్బాల్లా వస్తున్నాయి, ఏం చేయాలి?

పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసింది ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో చదవడానికి రాదు. ఒక ఫైనల్‌లో మాకు ఇరవై నిమిషాలు అలాగే పోయాయి, చివరికి స్క్రీన్ ఆపేసి నోటితో చదివాం. యూనికోడ్‌లో టైప్ చేసి పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, ఆడియో వీడియోలు విడిగా. తయారు చేసిన ల్యాప్‌టాప్‌నే ప్రొజెక్టర్‌కి పెట్టండి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో, ప్రశ్నలు ఆన్సర్లు మొత్తం ప్రింట్ ఒకటి చేతిలో. కరెంటు పోయినా ఆ ప్రింట్‌తో క్విజ్ నడుస్తుంది. కేబుల్ సరిపోతుందో లేదో ముందురోజు సాయంత్రమే పెట్టి చూడండి.

చీఫ్ గెస్ట్ స్పీచ్, జ్యోతి ప్రజ్వలన, సన్మానం ఎప్పుడు పెట్టాలి?

పొద్దున జ్యోతి వెలిగించి పది నిమిషాల్లో ముగించండి. స్పీచ్, శాలువా ప్రిలిమ్స్ దిద్దే టైమ్ తర్వాతో, బహుమతుల ముందో పెట్టుకోండి. పెద్దవాళ్ళకి ముందే ఫోన్ చేసి, సార్ పిల్లలకి బస్సులున్నాయి, పది నిమిషాలు మాట్లాడండి అని మర్యాదగా చెప్తే ఎవరూ కాదనరు.

## గొడవలు, ప్రొటెస్ట్‌లు

టీమ్ మా ఆన్సర్ కూడా కరెక్టే అని వాదిస్తే?

స్టేజి మీద వాదన పెట్టొద్దు. ప్రశ్నలు రాసినవాళ్ళు ఇద్దరిని పక్కన కూర్చోబెట్టండి, టీమ్ ఆ రౌండ్ అయ్యేలోపు చీటీ మీద రాసిస్తుంది, ఆ ఇద్దరూ చూసి చెప్తారు, క్విజ్ మాస్టర్ ప్రకటిస్తాడు. మీదే తప్పని తేలితే మైకులోనే చెప్పి మార్కులు సరిచేయండి. ఎవరి వంతో పోయి ఉంటే వాళ్ళకి ఇంకో ప్రశ్న ఇవ్వండి, టై కోసం విడిగా దాచిన పది ప్రశ్నలు అప్పుడు కూడా అక్కరకొస్తాయి.

స్పెల్లింగ్ తప్పు, సగం పేరు చెప్తే ఒప్పుకోవాలా?

స్పెల్లింగ్ ఎప్పుడూ చూడొద్దు. ఉచ్చారణ కూడా, మనిషెవరో అర్థమైతే చాలు. ఇంటిపేరు చాలు, కానీ ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ప్రసిద్ధులుంటే పూర్తి పేరు అడగండి, రామన్, రామానుజన్ లాంటి దగ్గరి పేర్లలో ముందు విన్నదే లెక్క. టీమ్ రెండు ఆన్సర్లు చెప్తే మొదటిది తీసుకోండి.

## అయిపోయాక

ప్రశ్నలు అందరికీ ఇచ్చేయాలా, దాచుకోవాలా?

ఇచ్చేయండి. ఆ రాత్రే పీడీఎఫ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి, ఆన్సర్లు, వివరణలతో సహా. బస్సులో వెళ్ళేటప్పుడు పిల్లలు మాట్లాడుకునేది వాటి గురించే. ఎలాగూ వచ్చే ఏడాది మీరు కొత్తవే రాస్తారు. ఏ ప్రశ్న ఎంతమంది చెప్పారు, ఏది ఎవరికీ రాలేదు అన్నది స్కోర్ షీట్ చూసి అదే ఫైల్లో పక్కన రాసి ఉంచుకోండి, తర్వాతి బ్యాచ్ ప్రశ్నలు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ ఒక్క కాగితం వాళ్ళ చేతిలో పెడితే చాలు.